అడిగినోళ్లు ఏరి? పోచంపల్లి టూరిజంలో ఊరూ వాడా

మాల, మాదిగ వాడల్లో పుట్టి పెరిగినోళ్లకు ఒక మాట ఎవరూ చెప్పకుండానే తెలుసు. వాడలోంచి కిరాణా దుకాణానికో, పోస్టాఫీసుకో బయల్దేరినప్పుడు "ఊర్లెకు పోయొస్త" అంటరు. ఉన్నది ఊర్లోనే కదా, మళ్లీ ఊర్లోకి పోవుడేంది అని ఎవరూ అడగరు. ఎందుకంటే మన దగ్గర 'ఊరు' అన్న మాటకు రెండర్థాలున్నాయి. రెవెన్యూ రికార్డుల్లో ఊరు అంటే వాడతో కలిపి మొత్తం గ్రామం. నోటి మాటల్లో ఊరు అంటే వాడ కానిది. ఈ తేడా తెలియనోళ్లకు పల్లె తెలిసినట్టు కాదు.

ఇప్పుడు ఈ ఊరు చూడదగ్గ చోటయింది. దానికి 'గ్రామీణ వారసత్వ పర్యాటకం' అని పేరు పెట్టారు. పట్నంలో ఉద్యోగాలు చేసుకునేటోళ్లు, విదేశాల నుంచి వచ్చేటోళ్లు సెలవు రోజుల్లో కార్లలో, బస్సుల్లో వస్తారు. మగ్గం చూస్తారు, పాత కాలపు బంగళా చూస్తారు, విస్తరాకులో అన్నం తింటారు, చీర కొంటారు, పొద్దుగూకే లోపల వెళ్లిపోతారు. ఇందులో తప్పేముంది? చూడటం తప్పు కాదు. అయితే వాళ్లు చూసి పోయిన ఊరు పైన చెప్పిన రెండిట్లో ఏది? ఈ ప్రశ్నను పోచంపల్లిని ముందు పెట్టుకుని పరిశీలిద్దాం. పోచంపల్లే ఎందుకంటే, ఆ ఊరి పేరుకు ముందున్న 'భూదాన్' అన్న మాట పుట్టడానికి కారణం వాడ. ఆ పేరు మీద నడిచే టూరిజంలో వాడకు చోటెంత అన్నది మిగతా పల్లెలన్నిటికీ వర్తించే ప్రశ్న.

'భూదాన్' అన్న మాట వెనక

పోచంపల్లి హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్లు. మొన్నటి దాకా నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. 1951లో అక్కడ దాదాపు 700 కుటుంబాలుంటే, మూడింట రెండు వంతుల మందికి గుంటెడు భూమి లేదు. తెలంగాణ సాయుధ పోరాటం 1946లో మొదలై ఇంకా ఆగలేదు. పోలీసు చర్య తర్వాత దొరలు మళ్లీ ఊళ్లకు తిరిగొస్తున్నారు. పోరాట విరమణ 1951 అక్టోబర్‌లో గానీ జరగలేదు. అట్లాంటి సమయంలో వినోబా భావే వార్ధా దగ్గరి పౌనార్ నుంచి కాలినడకన హైదరాబాద్ పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వచ్చి, అక్కడి నుంచి తెలంగాణ పల్లెల్లో నడక మొదలుపెట్టాడు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి చేరాడు.

ఆ రోజు జరిగిన దాన్ని వరుసగా గుర్తు పెట్టుకోవాలె. వినోబా హరిజనవాడకు పోయిండు. వాడోళ్లు ఆయన ముందు తమ కష్టం చెప్పుకుని ఊరుకోలేదు. లెక్కగట్టి అడిగిండ్రు. 40 కుటుంబాలకు 80 ఎకరాలు, అందులో 40 తరి, 40 ఖుష్కి. ఎంత కావాలో, ఏ రకం కావాలో, ఎందరికి కావాలో తెలిసినోళ్ల మాట అది. వినోబా మొదట సర్కారుతో మాట్లాడి ఇప్పిద్దామనుకున్నాడు. తర్వాత సమావేశంలో, సర్కారు ఇయ్యలేకపోతే ఊరోళ్లు ఏమైనా చెయ్యగలరా అని అడిగాడు. అప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అట్లా భూదానోద్యమం పుట్టింది. దేశం మొత్తంలో 5 కోట్ల ఎకరాలు సేకరించాలని లక్ష్యం పెట్టుకుని, 40 లక్షల ఎకరాల పైచిలుకు దగ్గర ఆగింది. అందులోనూ చాలా భాగం సాగుకు పనికిరానిదో, తగాదాల్లో ఉన్నదో. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 1965లో భూదాన, గ్రామదాన చట్టం కూడా వచ్చింది.

ఇందులో మొదటి వాక్యం ఎవరిది? వాడది. వాడ అడగకపోతే ఇచ్చేటోడు లేచి నిలబడే సందర్భమే లేదు. కానీ చరిత్రకు 'దానం' అని పేరు పడింది. దానం అన్న మాటలో దాత ఉంటడు, పుచ్చుకునేటోడు ఉంటడు. అడిగేటోడు ఉండడు. నలభై కుటుంబాలు తరతరాలుగా దున్నిన భూమిలో తమ పాలు అడిగితే, ఆ అడుగుడు చరిత్రలోకి రావడానికి ఒక్క రోజు పట్టింది, చరిత్రలోంచి జారిపోవడానికీ అంతకన్నా ఎక్కువ సేపు పట్టలేదు. ఆ ఊళ్లో వినోబా పేరున మందిరం ఉంది. వినోబాకూ, మొదటి దాతకూ విగ్రహాలున్నాయి. ఇవి ఉండొద్దని మనం అనడం లేదు. టూరిస్టు వచ్చి నిలబడి ఫొటో దిగే చోట ఇచ్చినోళ్లు, ఇప్పించినోళ్లు కనిపిస్తారు. అడిగినోళ్లు ఏరి?

వచ్చినోళ్లకు ఏం కనిపిస్తుంది

పోచంపల్లి టూరిజం ఒక్క రోజులో పుట్టింది కాదు. కేంద్ర పర్యాటక శాఖ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంతో కలిసి 2000 తర్వాతి ఏళ్లలో గ్రామీణ టూరిజం పథకం నడిపినప్పుడు ఎంపికైన పల్లెల్లో పోచంపల్లి ఒకటి. 2004-05లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు దొరికింది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ మొదటిసారి ఎంచిన 'ఉత్తమ పర్యాటక గ్రామాల'లో పోచంపల్లి చోటు సంపాదించింది. మొత్తం 32 దేశాల నుంచి 44 గ్రామాలు. 2023 డిసెంబర్‌లో రాష్ట్రపతి వచ్చి పోయారు. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన యువతులను తీసుకొచ్చి మగ్గాలు చూపించారు. చిత్రమేమంటే 'ఉత్తమ గ్రామం' బిరుదు వచ్చేనాటికి పోచంపల్లి మున్సిపాలిటీ అయి మూడేళ్లయింది. టూరిజానికి పల్లె కావాలె కాబట్టి పల్లెగానే ఉంది.

టూరిస్టుకు సాధారణంగా చెప్పే పేర్లు ఇవి: నేత ఇండ్లు, చీరల దుకాణాలు, వినోబా మందిరం, 101 దర్వాజాల ఇల్లు, చెరువు పక్కన టూరిజం కేంద్రం. ఈ వరుసలో వాడ లేదు. కనిపించే వాటిలో కూడా పూర్తి పని కనిపించదు. మగ్గం చప్పుడు, రంగులు ఎక్కిన నూలు ఫొటోకు బాగుంటాయి. కానీ ఇక్కత్‌లో అసలు కష్టం మగ్గం ఎక్కకముందే ఉంది. గుంజల చుట్టూ నూలు ఆసు పోయాలె, గీతలు గీయాలె, చిటికి కట్టాలె, అద్దకం వెయ్యాలె, విప్పి మళ్లీ కట్టాలె. ఒక్క చీరకు ఆసు పోయడానికి చెయ్యి వేల సార్లు ఆడాలె. ఈ పని చేసి భుజాలు పడిపోయింది ఎక్కువగా ఆడోళ్లకు. తన తల్లి పడ్డ ఈ బాధ చూసి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేసిన సంగతి మనకు తెలుసు, 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. మగ్గం మీది మనిషికి కూలి చీరల లెక్కన వస్తుంది, గంటల లెక్కన రాదు. వచ్చిన ప్రతి గుంపు కోసం మగ్గం ఆపి వివరిస్తే పోయే సమయం ఎవరి ఖాతాలో పడుతుంది? చీర కొంటే షావుకారుకు గిట్టుతుంది. చూసి మాత్రమే పోతే ఆగిన మగ్గం నేతగాడి నష్టం. అంటే టూరిజంలో కనిపించేటోళ్లందరూ బాగుపడుతున్నారని అనుకోవద్దు. పద్మశాలి కూలీ కూడా ఇందులో బొమ్మగా నిలబడ్డోడే.

అయినా ఆయన నేత 'వారసత్వం' అయింది. మాలల నేత కాలేదు. తెలుగు నేలలో మాలలు ముతక బట్ట నేసిన చరిత్ర ఉంది. రైతుకూలీలు, పాలేర్లు కట్టింది ఎక్కువగా ఆ బట్టే. షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్న 'నేతకాని' అన్న పేరే ఆ వృత్తికి సాక్ష్యం. మిల్లు బట్ట వచ్చి ఆ మగ్గాలను గుంటల్లోనే పాతిపెట్టింది. పట్టుకూ, సన్నబట్టకూ కొనేటోడు ఉన్నాడు కాబట్టి ఆ నేత బతికి మ్యూజియం దాకా వచ్చింది. కూలోళ్లు కట్టిన బట్టకు మ్యూజియం లేదు. వారసత్వం అంటే పాతది అని అర్థం కాదు, కొనేటోడు ఉన్న పాతది అని అర్థం.

టూరిస్టును తిట్టడం తేలిక. కానీ ఆయన ముందే ఒక పల్లెను తలలో పెట్టుకుని వస్తాడు. అది పాఠ్యపుస్తకాల్లో, సినిమాల్లో, గాంధీ రాతల్లో తయారైన పల్లె. అందరూ కలిసిమెలిసి ఉండే, ఎవరి వృత్తి వాళ్లు చేసుకునే చల్లని పల్లె. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఈ పల్లెను నిలదీశాడు. పల్లె అంటే సంకుచితత్వానికీ, అజ్ఞానానికీ, కుల మత తగువులకూ నిలయమని చెప్పి, రాజ్యాంగానికి పునాది పల్లె కాదు వ్యక్తి అన్నాడు. రాజ్యాంగం అంబేద్కర్ మాట విన్నది. టూరిజం మాత్రం గాంధీ పల్లెనే టికెట్టు పెట్టి చూపిస్తున్నది. కులం తీసేసి కులవృత్తులను మాత్రం వరుసగా నిలబెడితే అది చేతిపనుల ప్రదర్శన అయిపోతుంది.

తలుపులు ఎట్లా మూసుకుంటాయి

'వాడోళ్లను రానియ్యొద్దు' అని ఏ పథకంలోనూ రాసి ఉండదు. ఎవరూ నోటితో కాదనరు. మరి వాడ ఎట్లా మిగిలిపోతుంది? ఇది అర్థం చేసుకుంటే తప్ప మన విమర్శకు బలం రాదు.

మొదటిది ఇల్లు. టూరిస్టులు ఊళ్లో రాత్రి ఉండాలంటే ఇండ్లల్లో బస ఇయ్యాలె. దాన్నే హోమ్‌స్టే అంటున్నారు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు నియమాల ప్రకారం ఇంటి యజమాని కుటుంబంతో అక్కడే ఉండాలె, అద్దెకిచ్చే గదులు ఒకటి నుంచి ఆరు దాకా, మంచాలు 12కు మించొద్దు, బాత్‌రూములు తగిన తీరులో ఉండాలె. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఇందిరమ్మ ఇంటి ఒక్క గదిలో అత్తామామలు, పిల్లలు అందరూ సర్దుకునే వాడలో, అతిథికి విడిగా ఇచ్చే గది ఎక్కడిది? గది ఉన్నోడే దరఖాస్తు పెట్టుకుంటడు. గది ఎవరికి ఉందంటే భూమి ఉన్నోడికి. భూమి ఎవరికి లేదో 1951లోనే లెక్క తేలింది.

రెండోది వంట. పల్లె భోజనం అని టూరిస్టుకు పెట్టేది ఎవరి ఇంటి భోజనం? జొన్న రొట్టె, పచ్చి పులుసు, నాటుకోడి దాకా వస్తుంది. వాడల్లో పండుగనాడు ఉడికే పెద్దకూర ఆ ఆకులోకి రాదు. అంతకన్నా ముఖ్యం వండే చెయ్యి. బడిలో మధ్యాహ్న భోజనం దళిత స్త్రీ వండిందని పిల్లలను తిననీయని ఘటనలు దేశంలో ఎన్నోసార్లు పత్రికలకెక్కాయి. సర్కారు బడిలోనే అట్లా ఉంటే, గిరాకీ పోతదని భయపడే చోట ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మూడోది దారి. టూరిస్టు నడిచే దారి బస్సు దిగిన చోట మొదలై ఊరి నడిబొడ్డులో తిరిగి మళ్లీ బస్సు దగ్గరికే వస్తుంది. సిమెంటు రోడ్డు, వీధి దీపాలు, పేర్ల బోర్డులు ఆ దారిలోనే పడతాయి. వాడ ఊరి చివర ఉంది. అది భూగోళం తప్పు కాదు, వాడను చివర పెట్టింది కులం. పాత దూరాన్ని టూరిజం కొత్తగా తారు పోసి గట్టిపరుస్తుంది.

నాలుగోది కూలి. వాడకు టూరిజంలో పని అసలు దొరకదని కాదు. పెద్దోళ్లు వచ్చే ముందు రోజు వీధులు ఊడ్చేదీ, మోరీలు తీసేదీ ఎవరు? ఏ మున్సిపాలిటీలో చూసినా సఫాయి పనిలో ఉన్నది ఎక్కువగా మన కులాలే. ఊరోళ్లకు టూరిజం ఆస్తి మీద వచ్చే ఆదాయం, వాడోళ్లకు రోజుకూలి. ప్రపంచ పర్యాటక సంస్థ గ్రామాలను తొమ్మిది అంశాల మీద అంచనా కడుతుంది. అందులో ఆర్థికం, సామాజికం, పర్యావరణం, పాలన అన్నీ ఉన్నాయి. ఆ తొమ్మిదింటిలో కులం అన్న శీర్షిక లేదు. కులం లెక్కలోకి తీసుకోకుండా మన పల్లెలో 'సామాజికం' అన్న గడి ఎట్లా నింపుతారు?

అతిథి వచ్చిండంటే

అతిథి అన్న మాట ఊరికి ఒక తీరుగా, వాడకు ఇంకో తీరుగా వినపడుతుంది. నిజాం కాలంలో గిర్దావరో, తహసీల్దారో, పోలీసు అమీనో ఊరికి వచ్చిండంటే వాడకు కబురొచ్చేది. సామాన్లు మొయ్యాలె, కట్టెలు కొట్టాలె, నీళ్లు తేవాలె, గుర్రాలకు గడ్డి వెయ్యాలె, పక్క ఊరి దాకా ముందు నడవాలె. అన్నీ వెట్టి. దొర ఇంటికి చుట్టాలొచ్చినా అంతే. ఊరికి కొత్తమనిషి రావడం అంటే వాడకు ఆ రోజు కూలి పోవడమే. మూడు తరాలు గడిచినా ఆ జ్ఞాపకం పోలేదు. టూరిజం మీద వాడ ఎందుకు ఉత్సాహం చూపదని అడిగే అధికారులు ఈ చరిత్ర చదువుకోవాలె.

డప్పు సంగతి చూడండి. ఇప్పుడు అతిథులొస్తే గేటు దగ్గర డప్పు మోగాల్సిందే. డప్పు తెలంగాణ సంస్కృతి అంటున్నారు. సంతోషమే. కానీ తోలు ఒలిచి, ఊనించి, కట్టె వంచి డప్పు చేసిన చేతులను ఊరు అంటరానివి అన్నది. చావుకూ, జాతరకూ, చాటింపుకూ కొట్టకపోతే దండుగ వేసింది. అందుకే ఎన్నో వాడలు డప్పు కొట్టం అని ఎదురుతిరిగినయి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైన తర్వాత అదే డప్పు ఆత్మగౌరవానికి గుర్తయింది. సభల్లో మనం మన కోసం కొట్టుకున్న డప్పుకూ, గేటు దగ్గర ఎండలో నిలబడి అతిథులు దిగేదాకా కొట్టే డప్పుకూ చప్పుడు ఒకటే. కొట్టిన తర్వాత ఏ వరుసలో కూసొని అన్నం తిన్నరన్నదాంట్లో తేడా బయటపడుతుంది.

2025 మే 14న ములుగు జిల్లా పాలంపేటలో జరిగింది ఇక్కడ చెప్పుకోవాలె. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ప్రపంచ సుందరి పోటీదారులను అక్కడికి తీసుకొచ్చినప్పుడు, గుడిలోకి పోయే ముందు వాళ్లు కాళ్లు కడుక్కుంటుంటే స్థానిక స్త్రీలు నీళ్లు పోసిన, కాళ్లు తుడిచిన దృశ్యాలు దేశమంతా చూసింది. పెద్ద దుమారం లేచింది. అతిథి మర్యాద మన సంప్రదాయం అని కొందరు సమర్థించారు. సంప్రదాయంలో ఎవరి కాళ్లు ఎవరు కడిగిండ్రు? ఇంటికొచ్చిన చుట్టానికి చెంబుతో నీళ్లిస్తాం, ఆయన కాళ్లు ఆయనే కడుక్కుంటడు. ఒకరి కాళ్లు ఇంకొకరితో తుడిపించుకునే అలవాటు గడీలది. వారసత్వం అన్న పేరుతో గడీ మర్యాద తిరిగి నడిచొచ్చింది. వచ్చిన యువతులకు ఇదంతా తెలియదు. వాళ్లకు నీళ్లు పోసే ఏర్పాటు చేసినోళ్లకు తెలిసి ఉండాలె.

దళితుడే యాత్రికుడైతే

ఇంతదాకా ఊళ్లో ఉన్నోళ్ల గురించి చెప్పుకున్నాం. చూడటానికి పోయేటోడే దళితుడైతే ఏమవుతుంది? దీనికి జవాబు అంబేద్కర్ అనుభవంలోనే ఉంది. 1934లో ఆయన దాదాపు ముప్పై మంది సహచరులతో ఎల్లోరా చూడటానికి బయల్దేరాడు. దారిలో దౌలతాబాద్ కోట. అది అప్పటి మన నిజాం రాజ్యంలోనిదే. ఇబ్బందులు రాకూడదని తామెవరో బయటపెట్టకుండా తిరగాలని ముందే అనుకున్నారు. దుమ్ము కొట్టుకుని వచ్చి కోట ముందున్న చిన్న నీటి కుంటలో మొహం, కాళ్లు కడుక్కున్నారు. వీళ్లు అంటరానివాళ్లని ఒక ముసలాయన కేక పెట్టాడు. కుంట మైలపడిందని గుంపు చేరింది, తిట్లు మొదలైనయి. చివరికి లోపలికి పోనిచ్చారు కానీ, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదన్నారు. కనిపెట్టి ఉండటానికి తుపాకీ పట్టుకున్న సిపాయిని వెంట పంపారు. హిందువుకు అంటరానోడు ముసల్మానుకూ అంటరానోడేనని ఈ అనుభవం నుంచి ఆయన చెప్పాడు.

పాలంపేటలో అతిథుల కాళ్ల మీద నీళ్లు పోసిండ్రు. దౌలతాబాద్‌లో తన కాళ్లు తాను కడుక్కున్నందుకు అంబేద్కర్ మీదికి వచ్చిండ్రు. రెండూ వారసత్వ కట్టడాలే. నీళ్లు ఎవరి కాళ్ల మీద పడాలో నిర్ణయించేది కట్టడం కాదు, కులం.

ఈరోజు తుపాకీ సిపాయి లేడు. 'మీ ఇంటిపేరేంది?' అన్న ప్రశ్న ఉంది. 'మీరేమిటోళ్లు?' అని సూటిగా అడగలేనప్పుడు అడిగే ప్రశ్న అది. పట్నం హోటల్లో డబ్బు కట్టి తాళంచెవి తీసుకుంటే సరిపోతుంది. పల్లె ఇంట్లో బస అంటే ఆ ఇంటి గడప, వంటిల్లు, నీళ్ల కుండ అన్నీ ఎదురవుతాయి. ఆ ఇంటి మర్యాదను రుచి చూడటమే టూరిజం అని చెప్పి, ఆ మర్యాదలో ఉన్న మడి సంగతి మాట్లాడకపోతే ఎట్లా? 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం హోటల్లో, దుకాణంలో, ధర్మశాలలో అంటరానితనం పాటించడాన్ని నేరం చేసింది. ఆ చట్టం 'హోటల్' అన్న మాటకిచ్చిన అర్థంలో భోజన వసతి గృహాలూ, బస గృహాలూ ఉన్నాయి. డబ్బు తీసుకుని అతిథిని దింపుకునే ఇల్లు 'మా ఇల్లు మా ఇష్టం' అని తప్పించుకోలేదు. ఈ సంగతి హోమ్‌స్టే శిక్షణలో మొదటి పాఠం కావాలె.

పటం ఉంది, కథకుడు లేడు

వాడను టూరిజంలో కలిపితే సరిపోతదా? సరిపోదు. దీనికి చేర్యాల పటాలే సాక్ష్యం. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీలు గుడ్డ మీద గీసే పటాలకు భౌగోళిక గుర్తింపు ఉంది, టూరిజం దుకాణాల్లో గిరాకీ ఉంది. అసలు ఈ పటాలు గోడకు తగిలించుకోవడానికి పుట్టలేదు. పదుల అడుగుల పొడవుండే ఆ చుట్టను విప్పుకుంటూ కథ చెప్పేటోళ్లు ఉండిరి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు చెప్పే కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. జాంబపురాణంలో మాదిగల మూలపురుషుడు జాంబవంతుడు లోకం పుట్టకముందే ఉన్నోడు. అంటే పుట్టుక గురించి బ్రాహ్మణుడు చెప్పిన కథకు వాడ చెప్పుకున్న ఎదురు కథ అది. టూరిజం వచ్చి పటాన్ని కత్తిరించి చట్రంలో బిగించింది. ముసుగు బొమ్మలు, చిన్న పటాలు అమ్ముడుపోతున్నయి. నకాషీ కుటుంబాలు బతకడానికి అది అవసరమే, వాళ్లను తప్పుపట్టలేం. కానీ డక్కలాయన ఎక్కడ? బొమ్మ నిలిచింది, దాన్ని విప్పి చెప్పే నోరు మూగబోయింది.

కాబట్టి వాడను ఒక 'చూసే చోటు'గా మారిస్తే మనకు ఒరిగేదేం లేదు. గుంపులు గుంపులుగా వచ్చి గుడిసెలను, పిల్లలను ఫొటోలు తీసుకుని పోయే టూరిజం కొన్ని నగరాల్లో ఉంది. అది మనకొద్దు. చూడబడటం మనకు కొత్త కాదు. చెప్పే హక్కు కావాలె. ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో వాడే నిర్ణయించుకోవాలె.

ఈ రకంగా నడిచే యాత్ర మనకు తెలియంది కాదు. నాగపూర్ దీక్షాభూమికి ఏటా లక్షల మంది పోతారు. ఎవరి ఖర్చులు వాళ్లే పెట్టుకుని, ఎవరి సద్ది వాళ్లే కట్టుకుని పోయి, తిరిగొచ్చేటప్పుడు పుస్తకాలు కొనుక్కుని వస్తారు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపిన చుండూరులో రక్తక్షేత్రం దగ్గర ఏటా అదే రోజు జనం కలుస్తారు. పోయినోళ్లు అక్కడ టూరిస్టులు కారు, ఉన్నోళ్లు ప్రదర్శన వస్తువులు కారు. ఊరి చరిత్రను ఊరే దాచిపెట్టినప్పుడు దాన్ని నలుగురికీ చెప్పడానికి చనిపోయినోళ్ల ఇంటోళ్లే నిలబడ్డారు. వారసత్వం అన్న మాటకు ఇంతకన్నా సరైన అర్థం లేదు. ఏ ప్రభుత్వ కరపత్రంలో ఇవి 'చూడదగ్గ ప్రదేశాలు'గా వస్తాయో రావో మనకు అక్కర లేదు. ఇవి ఎట్లా నడుస్తున్నాయో చూసి నేర్చుకోవాలె.

పోచంపల్లికి తిరిగొద్దాం. అక్కడ చెయ్యాల్సింది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. వినోబా మందిరంలో, టూరిజం కేంద్రంలో 1951 ఏప్రిల్ 18 నాటి అడుగుడును వాడ మాటల్లో రాసి పెట్టాలె. 40 కుటుంబాలు, 80 ఎకరాలు, తరి ఎంత, ఖుష్కి ఎంత అన్నది దానం కన్నా పైన ఉండాలె. ఇస్తానన్న 100 ఎకరాల లెక్క పక్కనే ఉండాలె: ఏ సర్వే నంబరు, ఎవరికి పట్టా, నేడు ఎవరి కాస్తులో ఉంది. ఊరి కథ చెప్పే గైడు పనిలో వాడ పిల్లలకు శిక్షణా, జీతమూ ఇయ్యాలె. బస గదులు కట్టుకోవడానికి షెడ్యూల్డ్ కులాల ప్రత్యేక అభివృద్ధి నిధి నుంచి వాడ ఇండ్లకు సాయం అందాలె. డప్పు కళాకారుడికి కళాకారుడి లెక్కన ముందే ఒప్పుకున్న పారితోషికం, అతిథితో పాటు అదే వరుసలో భోజనం ఉండాలె. వద్దనుకుంటే కొట్టకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉండాలె.

ఇవన్నీ అయితే కులం పోతదా? పోదు. భూమి సంగతి తేలకుండా కులం పోదని 1951లో ఆ నలభై కుటుంబాలకు తెలుసు, అందుకే ఎకరాల్లో అడిగిండ్రు. కానీ ఒక టూరిస్టు బస్సు దిగి చీర కొనుక్కుని పోయేటప్పుడు, ఈ ఊరికి పేరు తెచ్చింది ఇచ్చినోడు కాదు, ముందు అడిగినోళ్లని తెలుసుకుని పోతే, ఆ యాత్రకు ఒక అర్థముంటుంది. వాడలోంచి ఒక పిల్ల ఆ బస్సు ముందు నిలబడి తన తాత ఏమడిగిండో తానే చెప్పగలిగిన నాడు, ఆమె "ఊర్లెకు పోయొస్త" అని చెప్పి బయల్దేరాల్సిన పని ఉండదు.